జాంబియా చప్పట్లు, బోట్స్వానా మందుబిళ్లలు

మా మేనకోడలు రెండు ఉత్తరాలు తెచ్చి నా ముందు పెట్టిన రోజు పెద్దాపురంలో మరిడమ్మ జాతర. డప్పుల మోతకి మాటలు వినపడక అక్కయ్య వీధి తలుపు వేసేసింది. ఒక ఉత్తరం జాంబియాలోని బడి నుంచి, రెండోది బోట్స్వానాలోని బడి నుంచి. లెక్కల టీచరుగా రమ్మని రెండూ పిలిచాయి. వారంలో జవాబు రాయాలి. తొంభైల్లో నేను జాంబియాలో నాలుగేళ్లు, ఆ తర్వాత బోట్స్వానాలో మూడేళ్లు పాఠాలు చెప్పి వచ్చాను. అందుకని ఆ పిల్ల నా దగ్గరికి వచ్చింది.

"మావయ్యా, మా ఆయన సెలవు దొరికాకే వస్తారు. ముందు నేనూ పాపా వెళ్లాలి. దాని ఆయాసం సంగతి మీకు తెలుసు కదా. ఎక్కడైతే బాగా బతుకుతామో మీరే చెప్పండి."

నేను నోరు తెరిచేలోగా అక్కయ్య అందుకుంది. "వాణ్ణడిగితే జాంబియా అంటాడే. అక్కడ వీడు దొరగారు! వీధిలో కనపడితే చాలు, జనం మోకాళ్లు వంచి చప్పట్లు కొట్టేవారట. ఇక్కడ పాలవాడు కూడా పలకరించడాయె."

"అంత మర్యాద తెలిసినవాళ్లయితే పాపనీ బాగా చూసుకుంటారు. జాంబియాకే రాసేస్తాను," అంది మేనకోడలు.

ఆ చప్పట్ల సంగతి నేను ఇంటికి ఉత్తరాల్లో రాసిందే. మా అమ్మ దాన్ని పదిమందికీ చదివి వినిపించింది. మా తాతగారు వీధిలోకి వస్తే అరుగుల మీద వాళ్లు లేచి నిలబడేవారట. నేను పుట్టేనాటికి పొలాలు పోయాయి, కాలేజీలో చేరేనాటికి ఇల్లు పోయింది. నిటారుగా కూర్చోవడం మాత్రం పోలేదు. ఇంకొకటీ పోలేదు. మా ఇంటి మగవాళ్లు ఎవరికీ ముందుగా నమస్కారం పెట్టరు. ఎదుటివాళ్లు పెడితే తల పంకిస్తారు.

జాంబియాలో మొదటి ఉదయం బడి గేటు దగ్గర ముసలి కాపలాదారు నన్ను చూసి మోకాళ్లు కాస్త వంచి, అరచేతులు దొన్నెలా పట్టుకుని, మెత్తగా మూడుసార్లు చప్పట్లు కొట్టాడు. సంతలో ఆడవాళ్లూ అంతే. పక్కింటావిడ మంచినీళ్ల గ్లాసు మోకాళ్ల మీద కూర్చుని అందించింది. నన్ను చూస్తేనే మా వంశం ఏమిటో వాళ్లకి తెలిసిపోయిందనుకున్నాను. మా ఊరు మరిచిపోయింది, ఈ ఊరు గుర్తుపట్టింది అని రాశాను కూడా. అందరికీ తల పంకిస్తూ ఎనిమిది నెలలు తిరిగాను.

పాప గోడవారన కూర్చుని పీల్చే మందు డబ్బాతో ఆడుకుంటోంది. దాన్ని చూస్తూ ఆ కథని అలాగే వదిలెయ్యడం నా వల్ల కాలేదు.

"జాంబియాకి రాయకు," అన్నాను. "అక్కడ నాకు మలేరియా వచ్చినప్పుడు ఆస్పత్రిలో డాక్టరు ఉన్నాడు, మందు లేదు. పక్క ఊరి నుంచి రావడానికి రెండు రోజులు పట్టింది. ఆ రెండు రోజులూ వీధిలో వాళ్లు వంతులు వేసుకుని నా పక్కన కూర్చున్నారు. వేరుశనగలు ఉడకబెట్టి తెచ్చారు. వాళ్లని తలుచుకోని రోజు లేదు. కానీ పాపకి రెండు రోజులు ఆగే వీలుండదు."

"బోట్స్వానాలో?"

"జ్వరమని వెళితే అరగంటలో నర్సు బిళ్లలు చేతిలో పెట్టింది. కుళాయి నీళ్లు అలాగే తాగొచ్చు. కరెంటు పోదు."

"మరి అక్కడ నాలుగు రోజులు ఒక్కణ్ణే పడుకున్నానని, గేటు తీసి చూసినవాడు లేడని రాశావుగా? అలాంటి చోటికా దీన్ని పంపడం?" అంది అక్కయ్య.

రాశాను, నిజమే. మిగతాది రాయలేదు. ఇప్పుడు చెప్పాను, జాంబియా నుంచి మొదలుపెట్టి.

జాంబియాలో ఎనిమిది నెలలయ్యాక బడి గేటు దగ్గరి ఆ ముసలి కాపలాదారు చిన్న సీసాతో మా ఇంటికి వచ్చాడు. "మేష్టారండీ, మీ చేతులకి ఎప్పుడో దెబ్బ తగిలిందటగా? చప్పట్లు కొట్టలేకపోతున్నారని మా ఆవిడ ఒకటే బాధపడుతోంది. ఆవిడే కాచిన ఈ నూనె రాయండి." అప్పుడు తెలిసింది. ఆ చప్పట్లు ఎవరైనా ఎవరికైనా కొట్టే పలకరింపు. తిరిగి కొట్టాలి. నేను కొట్టకపోతే పొగరని ఎవరూ అనుకోలేదు, రోగమనుకున్నారు.

మేనకోడలు పైట నోటికి అడ్డం పెట్టుకుంది. "మరి మీరేం చేశారు మావయ్యా?"

"రాత్రి నూనె రాసుకుని, పొద్దున్న చప్పట్లు కొట్టాను. మందు గొప్పదని ఆవిడకి ఊళ్లో మంచి పేరొచ్చింది."

అక్కయ్య నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుంది. నేను నవ్వలేదు, ఇంకా చెప్పాల్సింది ఉంది.

"అక్కడ వాళ్లు ముందు కొడితే నేను తిరిగి కొట్టడం నేర్చుకున్నాను. బోట్స్వానాలో అలా కుదరదు. కొత్తగా వచ్చినవాడే ముందు దుమేలా అని పలకరించాలి. నేను అనలేదు, వాళ్లే అంటారని చూశాను. ఆ జ్వరంలో అయిదో రోజు కంచె అవతలి ముసలమ్మని నీరసంతో నేనే పిలిచాను. 'మేమంటే ఇష్టం లేదేమో అనుకున్నామయ్యా' అంటూ జావ పట్టుకొచ్చింది. ఆ ఒంటరితనం ఆ ఊరు పెట్టింది కాదే అమ్మా, నేను తెచ్చుకున్నది. నువ్వు దిగిన రోజే అందరినీ ముందు పలకరించు. ఎవరికైనా ఏదైనా ఇచ్చేటప్పుడు మర్యాదగా ఎడమ చెయ్యి కుడి మోచేతికి ఆనించు."

మేనకోడలు ఆ సాయంత్రమే బోట్స్వానాకి జవాబు రాసింది. ఆ వారమంతా పాపకి నేను రెండు దేశాల పలకరింపులూ నేర్పాను.

రాజమండ్రి స్టేషన్లో రైలెక్కే ముందు పాప దుమేలా అనలేదు. దానికి చప్పట్లే నచ్చినట్టున్నాయి. అరచేతులు దొన్నెలా పట్టుకుని, మోకాళ్లు వంచి, నా కేసి మూడుసార్లు కొట్టింది. ప్లాట్‌ఫారం నిండా జనం. మా పాత వీధివాళ్లు ఇద్దరు అక్కడే ఉన్నారు. నేను చేతిలో పెట్టె కింద పెట్టి, మోకాళ్లు వంచి, తిరిగి కొట్టాను.

"ఏంట్రా, నూనె ఇంకా పనిచేస్తోందే!" అంది అక్కయ్య నా వెనక నుంచి.