వెలగని లైటు

ఆమెను అక్కడ అందరూ గుంటక్క అంటారు. బండి ఇంకో ఏడాది రోడ్డెక్కడానికి పనికొస్తుందో రాదో తేల్చే చోట, బండి కింద గుంటలో నిలబడి టార్చి వేసి చూడడం ఆమె పని. పైకి చూసీ చూసీ మెడ పట్టేసింది. మెట్లెక్కబోతే మోకాళ్లు మొరాయిస్తాయి. ఎవరైనా అడిగితే మాత్రం, నాకేం, గుండ్రాయిలా ఉన్నాను అంటుంది. గుంటక్కకి అలుపన్నదే తెలీదని పక్క లైనువాళ్లు మెచ్చుకుంటారు. మెచ్చుకుని, తమ పని కూడా కాస్త ఆమె మీదకి నెడతారు.

ఆమెకి పెద్ద బండ్లంటే ఒళ్లుమంట. ఒకప్పుడు గొప్పోళ్లింట్లో తిరిగి, చేతులు మారి మారి వచ్చిన ఎస్‌యూవీలు మరీను. పైన పటారం, లోన లొటారం. కొన్నవాడు అద్దంలా తుడిపించుకుని వస్తాడు. కింద నుంచి చూస్తే టైర్ల బయటి అంచు నవనవలాడుతుంటుంది, లోపలి అంచున తీగలు తేలి ఉంటాయి. అంత బరువు మోసి మోసి చక్రాల దగ్గరి రబ్బరు బుష్‌లు చీలిపోతాయి. స్ప్రింగుల బదులు గాలి సంచుల మీద నిలబడే బండ్లయితే, ఓ సంచిలో గాలి పోయి ఒక మూలకి చతికిలబడతాయి. ఏనుగును కొన్నవాడు అంకుశం దగ్గర బేరమాడి, ఏవో నాసిరకం బ్రేకులు వేయించి ఉంటాడు. ఫెయిలంటే, ఇంత పెద్ద బండికా అని నోరెళ్లబెడతాడు. పెద్దదవబట్టే కదా నాయనా అనుకుంటుంది ఆమె, పైకి అనే ఓపిక లేక.

ఆవేళ మధ్యాహ్నం వరసలో నల్లగా మెరుస్తూ వచ్చిన ఎస్‌యూవీ ఆమె తమ్ముడిది, ఈమధ్యే ఎవరి దగ్గరో పాతది కొన్నాడు. తల్లి పోయాక ఆమె చేతుల మీద పెరిగినవాడు. ఏ పనిలోనూ కుదురుగా నిలవక, చివరికి ఓ హోటల్లో అతిథుల్ని బండిలో తిప్పే పని సంపాదించాడు. బండి తనదే అయ్యుండాలి, సోమవారానికల్లా పాసై ఉండాలి. లేదంటే ఆ పని ఇంకొకడికి పోతుంది. ఈ ఒక్కటీ నిలబడితే వీడో దారిన పడతాడని ఆమె కూడా కొండంత ఆశ పెట్టుకుంది.

గుంటలోంచి చూస్తే, ఆశ్చర్యం, అన్నీ బాగానే ఉన్నాయి. టైర్లు, బుష్‌లు కొత్తవి. వాడే దగ్గరుండి మార్పించాడట. ఆమెకి ప్రాణం లేచొచ్చింది. పైకొచ్చి డ్రైవరు సీట్లో కూర్చుంది.

"చూడక్కా, ఎర్ర లైటు ఒక్కటి కూడా వెలగదు. అంత బాగుంది బండి," అన్నాడు తమ్ముడు కిటికీ దగ్గర నిలబడి.

ఆమె తాళం తిప్పింది. తిప్పగానే హెచ్చరిక లైట్లన్నీ ఒక్కసారి వెలగాలి, ఆ తర్వాత ఆరాలి. అన్నీ వెలిగాయి, ఆరాయి. బ్రేకుల లైటు చోటు మాత్రం మొదట్నుంచీ చీకటిగానే ఉంది. మళ్లీ తిప్పింది. మళ్లీ అంతే. బ్రేకుల్లో కంటికి కనపడని లోపమేదో బయటపడకుండా, వీడికి బండి అమ్మినవాడు తీగ తెంపి లైటు నోరు నొక్కేశాడు. బాగుచేయించడం కన్నా అదే తేలిక మరి. పాపం, వెలగకపోవడమే ఆరోగ్యమనుకున్నాడు వీడు.

చూడనట్టు ఊరుకుందామా అనిపించింది. నిజంగానే అనిపించింది. రేపు ఆ బండిలో పిల్లల్ని ఒళ్లో కూర్చోబెట్టుకుని ఎక్కేవాళ్లు కళ్ల ముందు మెదిలారు. ఫెయిలని చెప్పింది. సోమవారం లోపల ఇది తెమిలే పని కాదని కూడా చెప్పింది.

తమ్ముడి మొహం మాడిపోయింది. ఒక్క లైటు కోసమా అని బతిమాలాడు, బండి చక్కగా ఆగుతోంది కదా అని వాదించాడు.

"వెలిగి ఆరితే బాగున్నట్టురా. అసలు వెలగనిదాన్ని నమ్మకూడదు."

"మరి నువ్వో?" అన్నాడు వాడు ఉక్రోషంగా. "అమ్మ పోయిననాడు వచ్చినవాళ్లందరికీ వండి పెట్టావు. కంటతడి పెట్టలేదు. ఇన్నేళ్లలో ఒక్కసారన్నా తలనొప్పి అన్నావా? నిన్నెలా నమ్మమంటావక్కా?"

అనేసి వాడే బిత్తరపోయాడు. ఆమె బండి దిగింది. గుంటలో వదిలేసిన టార్చి కోసం వెళ్లబోయి పైమెట్టు మీదే కూలబడింది. ఎప్పుడూ నాలుక చివరే ఉండే "నాకేం" అన్న మాట ఈసారి రాలేదు.

"అలిసిపోయాన్రా," అంది. "మెడ తిప్పలేకపోతున్నాను. చాలా ఏళ్ల నుంచీ."

ఏడుపొచ్చింది. ఆపుకోలేదు. వెనక వరసలో బండ్లు హారన్లు కొడుతున్నాయి. తమ్ముడు వచ్చి, హోటల్ పని కోసం కుట్టించుకున్న తెల్ల చొక్కాతోనే, నూనె మరకల మెట్టు మీద ఆమె పక్కన కూర్చున్నాడు. చొక్కా పాడవుతుంది లేరా అనబోయి, ఊరుకుంది.