వాగు పేరు

వాగును పటంలో గీసి, పక్కన ‘పేరు లేదు’ అని రాశాడు నా మేనల్లుడు. అది అబద్ధం.

ఉత్తర ఆస్ట్రేలియా అడవుల్లో వాడు సర్వే చేస్తుంటే చూడాలని వెంట వెళ్లాను. ఒకప్పుడు అనంతపురంలో సర్వే గొలుసు లాగుతూ, పటం చదవడం సొంతంగా నేర్చుకున్నవాణ్ణి నేను. ఏడాదికి రెండు రోజులు పారే వంకకైనా మా వైపు పేరుంటుంది.

“ఖాళీగా పెట్టినా సిస్టమ్ ఒప్పుకుంటాది మామా.”

“నేను ఒప్పుకోను. ఆమెను అడగరా!”

మాకు దారి చూపడానికి వచ్చిన అక్కడి ఆదివాసీ పెద్దావిడ ఇసుకలో కూర్చుని టీ తాగుతోంది. వాడు కదల్లేదు. నేనే వెళ్లి, వచ్చీరాని ఇంగ్లీషులో మూడుసార్లు అడిగాను. ఆమె టీ పూర్తిగా తాగాకే నావైపు తిరిగింది.

“పేరుంది, ముసలాయనా. మా అమ్మ నాకు చెప్పింది. మీ పటానికి చెప్పమనలేదు.”