అత్తగారి మౌనం, అమ్మాయి ఏడుపు

పంతొమ్మిది వందల అరవైల చివర్లో, గజపతినగరంలో పనిచేసుకుంటున్న నేను, నా తొలి సంతానాన్ని చూడ్డానికి కోటబొమ్మాళిలో రైలు దిగాను. పిల్ల పుట్టి ఇరవై రోజులు. అత్తవారింట్లో చీర ఉయ్యాలలో పడుకుని బుద్ధిగా కళ్లు మిటకరిస్తోంది. నేను గడప దాటగానే, అల్లుడి ఎదట మాట వినిపించకూడదన్న ఆనవాయితీ కొద్దీ మా అత్తగారు తలుపు చాటుకి తప్పుకున్నారు. నేను "అమ్మలూ!" అన్నాను.

పిల్ల ఏడుపందుకుంది. ఏడుపంటే ఏడుపా? స్టేషన్లో ఇంజను సిగ్గుపడి కూత మానేసింది. చూరు మీది కాకులు కట్టకట్టుకుని ఒరిస్సా వలసపోయాయి. నేను వీధిలోకెళ్తే ఊరుకుంటుంది, లోపలికొస్తే మళ్లీ మొదలు.

"నీ గొంతు దానికి గిట్టదు అల్లుడూ," అని మావ తేల్చేశాడు. "రేపు పేరెట్టాల. ఒళ్లో ఎట్టుకుని సెవిలో పేరు సెప్పాల్సింది నువ్వు. ఎలాగ సెప్తావో ఏటో! పోనీ, నేను సెప్పీనా?"

ప్రాణం చివుక్కుమంది. కన్నకూతురి చెవిలో పేరు చెప్పే భాగ్యం ఈయనకా! ఆ సాయంత్రమంతా పెరట్లో గేదెతో ముద్దుమాటలాడి గొంతు మెత్తబరుచుకున్నాను. గేదె కరిగిపోయి, వేళ కాకుండానే పాలు చేపుకొచ్చింది. పిల్ల మాత్రం కరగలేదు.

మర్నాడు పీట మీద కూర్చున్న నా ఒళ్లో మా ఆవిడ పిల్లని పెట్టింది. కేర్! గాభరాలో నా చెయ్యి జారి పిల్ల తల వాలింది. తలుపు చాటున ఉరుము ఉరిమింది.

"ఓరి బాబో! మెడకింద సెయ్యెట్టయ్యా! పిల్లనుకున్నావా, గుమ్మడికాయనుకున్నావా?"

మా అత్తగారు! పెళ్లయిన రెండేళ్లలో నాకు వినపడేలా దగ్గయినా దగ్గని మనిషి! పిల్ల ఠక్కున ఏడుపాపి తలుపువైపు కళ్లు తిప్పింది.

అప్పుడు వెలిగింది నాకు. పుట్టిన్నాటి నుంచి దాని చెవిలో మోగుతున్నది అత్తగారి గొంతు. నేను అడుగుపెట్టగానే ఆ గొంతు మూతపడేది. పిల్ల ఏడ్చింది నేనొచ్చినందుకు కాదు, ఆవిడ ఆగినందుకు!

అత్తగారు నాలిక కరుచుకున్నారు. పిల్ల మళ్లీ పెదవి విరిచింది. నేను మెడకింద చెయ్యి భద్రంగా ఉంచి, కాళ్లకింద చెయ్యి కావాలనే తీసేశాను.

"కాళ్లు! కాళ్లు ఏలాడిపోతన్నాయి! ఏటి సదువుకున్నావయ్యా?"

పిల్ల హాయిగా వింటోంది. ఆ తిట్ల చల్లని నీడలో వంగి, దాని చెవిలో ముమ్మారు పేరు చెప్పాను. మూడోసారికి, మావ కళ్లెదుటే, ఒక కన్ను నావైపు తిప్పింది.