ఇంటర్వ్యూలో నన్ను అడిగిన నాలుగో మనిషి

దయ్యాల ముచ్చట్లు మొదలైతే లేచి వెళ్ళిపోయే రకం నేను. ఆసుపత్రిలో పనిచేసేవాళ్ల చెవిన అలాంటివి చాలా పడతాయి. ఒక్కటీ నమ్మలేదు. ఇప్పుడు కూడా నమ్ముతున్నానని చెప్పడం లేదు. జరిగింది మాత్రం రాస్తున్నాను.

నేను హనుమకొండలో డాక్టర్‌ని. పాము కరిచి బతికినవాళ్లకు తర్వాత కిడ్నీలు ఎందుకు చెడిపోతున్నాయన్నది నా పరిశోధన. దానికి కావలసిన పరీక్షలు బ్రెజిల్‌లోని ఒక ల్యాబ్‌లో చేస్తారు. అక్కడికి వెళ్లడానికి ఒక ట్రావెల్ అవార్డు ఉంది. ఒక దాత కుటుంబం డబ్బిస్తుంది. చదువు ముగిసి ఐదేళ్లు దాటినవాళ్లకు ఇవ్వరు. నాకు అదే ఆఖరి సంవత్సరం.

ఇంటర్వ్యూ వీడియో కాల్‌లో, మధ్యాహ్నం మూడింటికి. సుబేదారిలో మా అద్దె ఇంట్లోనే కూర్చున్నాను. నెట్ పోతే తన ఫోన్ వాడుకోవచ్చని మా ల్యాబ్ టెక్నీషియన్ షబానా వచ్చి ఎదురు కుర్చీలో కూర్చుంది.

తెర మీద ముగ్గురు ప్రొఫెసర్లు. ముగ్గురూ విదేశీయులే. చివరికి, ఇంకేమైనా చెప్పాలా అని వాళ్లు అడిగారు. నేను నోరు తెరిచేలోపే ఒక పెద్దామె గొంతు వినిపించింది. స్పష్టంగా, మన తెలుగులో.

"మీ దవాఖానకు రానోళ్ల సంగతేంది బిడ్డా? ఊర్లెనే పోయినోళ్లు మీ కాయితాల్ల ఉన్నరా?"

ప్యానెల్‌లో కెమెరా ఆపేసుకున్న తెలుగావిడ ఎవరో ఉన్నారనుకున్నాను. నా దగ్గర ఉన్నవన్నీ ఆసుపత్రి ఫైళ్లే. ఆసుపత్రి దాకా రాలేకపోయినవాళ్ల గురించి నేనెప్పుడూ ఆలోచించలేదు. ఆ మాటే ఇంగ్లీషులో ఒప్పుకున్నాను. ఊళ్లు తిరిగి వాళ్ల వివరాలు కూడా సేకరిస్తానన్నాను.

కాల్ అయ్యాక, ఆ తెలుగావిడ భలే ప్రశ్న అడిగిందని షబానాతో అన్నాను. తను నన్ను వింతగా చూసింది.

"ఎవ్వలు అడగలేదక్కా. నువ్వే జర సేపు ఆగినవ్, మల్ల మాట్లాడినవ్."

కొన్ని వారాలకు ఎంపికైనట్టు లెటర్ వచ్చింది. నా పరిశోధనలోని లోపాన్ని ఎవరూ అడగకముందే నేనే చెప్పానని అందులో మెచ్చుకున్నారు. ఆ వాక్యం మళ్లీ చదివాను. ఆ తెలుగావిడ ఎవరని అవార్డు ఆఫీసుకు రాశాను. ప్యానెల్‌లో ముగ్గురే, తెలుగు ఎవరికీ రాదన్నారు. అడిగితే రికార్డింగ్ పంపారు.

షబానా, నేను కలిసి చూశాం. ప్రొఫెసర్ మాట ముగించాడు. నేను తల కొంచెం పక్కకు వంచి వింటున్నాను. ఏ శబ్దమూ లేదు. ఫ్యాన్ చప్పుడొక్కటే. తర్వాత నా గొంతు, గొణుగుతున్నట్టు, తెలుగులో:

"లేరమ్మా. నా తప్పే."

అలా అన్నట్టు నాకు గుర్తే లేదు. ఆ తర్వాతే ఇంగ్లీషు మొదలైంది.

పక్కింటి టీవీ అయి ఉంటుందనుకుంటే, షబానాకూ వినిపించాలి కదా. రికార్డింగ్‌లోనైనా ఉండాలి కదా. ఆ వారమంతా నాకు సరిగా నిద్ర లేదు, అది నిజమే. కానీ నిద్ర లేనివాళ్లకు ఇంత పనికొచ్చే ప్రశ్న వినిపిస్తుందా?

బ్రెజిల్ వెళ్లొచ్చాను. మాట ఇచ్చినట్టే ఊళ్లు తిరుగుతున్నాను. మొదటి ఊళ్లోనే మా ఫైళ్లలో లేని ఇద్దరి పేర్లు చెప్పారు. ఇద్దరూ పత్తి ఏరే ఆడవాళ్లు. ఒకామె ఆటో వచ్చేలోపే పోయిందట.

ఇప్పుడు అవార్డు వాళ్లకు రిపోర్టు పంపాలి. పరిశోధన పద్ధతిలో మార్పు ఎవరు సూచించారో రాయమని అందులో ఒక గడి ఉంది. నీకే తోచిందని రాయి అక్కా, ఫికర్ ఎందుకని షబానా అంటుంది.

రాయబోయి రెండుసార్లు ఆగిపోయాను. అది నాకే తోచిన మాటైతే, నన్ను నేను బిడ్డా అని ఎందుకు పిలుచుకుంటాను?