కన్నీళ్లు తక్కువైన ఉత్తరం

విశాఖపట్నంలో ఎం.ఏ. తెలుగు సీటు వచ్చాక నాకర్థమైంది, సీటు తెచ్చుకోవడమే తేలికని. ఫీజు, హాస్టలు, ఓడ టికెట్టు కలిపితే నాన్న డింగీ పడవ సీజనంతా తెచ్చే చేప చాలదు. బ్యాంకులో విద్యారుణం అడిగితే ఇంటి పట్టా తెమ్మన్నారు. అండమాన్‌లోని మాయాబందర్‌లో మేముండే నేలకి పట్టా లేదు. ప్రభుత్వ స్కాలర్‌షిప్ గడువు అప్పటికే దాటిపోయింది.

మిగిలింది పోర్ట్ బ్లెయిర్ కాంట్రాక్టరుగారు. మా వైపు నుంచే వచ్చి, రోడ్ల పనులు చేసి బాగుపడ్డ మనిషి. ఏటా వేటకెళ్లేవాళ్ల పిల్లలు కొందరికి చదువు ఖర్చులిస్తారు. షరతు ఒకటే. ఇంటి కష్టం గురించి తెలుగులో, సొంత చేతిరాతతో ఉత్తరం రాసి సభలో చదవాలి. మన భాష బతకాలని ఆయన కోరికట.

మా పేట నుంచి ఆ ఏడు నలుగురం. మిగతా ముగ్గురూ ఇంట్లో తెలుగు మాట్లాడతారు గానీ రాయలేరు. బడిలో చదివింది హిందీ, ఇంగ్లీషు. నేను పెద్దమ్మ ఓడలో తెచ్చే పాత వారపత్రికలు చదివి, డైరీ రాసుకుంటూ నేర్చుకున్నాను. అందుకని ముగ్గురి తల్లులూ మా గుమ్మంలోకే వచ్చారు. నేను రాసిస్తే పిల్లలు బొమ్మ గీసినట్టు దించుకున్నారు.

మొదట ఉన్నదే రాశాను. వారానికి కాంట్రాక్టరుగారి మేనేజరు ఫోన్ చేశాడు. నలుగురివీ నేనే రాశానని అతనికి తెలుసు.

"బేటీ, భాష ఫస్ట్ క్లాస్. కానీ సార్‌కి థోడా ఏడుపు రావాలి కదా. అందరి అమ్మానాన్నలూ ఆరోగ్యంగా ఉంటే ఎలాగ?"

మళ్లీ రాశాను. ఒకరి ఇల్లు కూల్చాను. ఒకరి అన్నని సముద్రంలో ముంచాను. మా అమ్మ చేత రక్తం కక్కించాను. ఆ ముగ్గురిలో ఒకతైన పక్కింటి పిల్ల ఉత్తరంలో వాళ్ల నాన్నని తాగుబోతుని చేశాను. ఆయన బీడీ కూడా ముట్టడు. వాక్యాలు చక్కగా కుదిరాయి. కుదిరినందుకు సంతోషించాను కూడా.

సభ రోజు హాలంతా బిర్యానీ వాసన. వేదిక మీద పెద్దలు శాలువాలు కప్పుకుని ఫోన్లు చూసుకుంటున్నారు. పక్కింటి పిల్ల పేరు పిలిచే ముందు, తెలుగు చదవలేదు కనక నేను హిందీ అక్షరాల్లో రాసిన ఆమె ఉత్తరం చేతిలో పెట్టాను. ఒకసారి చదివి చూసుకోమని చెప్పలేదు. చెప్పే ధైర్యం లేదు.

"మా నాన్న రోజూ తాగొచ్చి మా అమ్మని..." అని చదివి ఆగిపోయింది. రెండో వరసలో వాళ్ల నాన్న, ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కాలో. మేనేజరు "చదువు, చదువు" అని చెయ్యి ఊపాడు. ఏడుస్తూ చదివింది. అందరికన్నా ఆమెకే ఎక్కువ చప్పట్లు పడ్డాయి.

తరవాత నా వంతు. అమ్మ జబ్బు ఉన్న పేరా వదిలేసి, సీటు సంగతీ కోర్సు సంగతీ మాత్రం చదివాను. డబ్బు కవరు ఇవ్వరనుకున్నాను. కాంట్రాక్టరుగారు కెమెరా వైపు చూస్తూ నా చేతిలో కవరు పెట్టారు.

"శభాష్. ఇంతకీ ఏం చదువుతున్నావమ్మా?"

అంతసేపూ ఆయన ఒక్క ముక్క వినలేదు. ఆ అబద్ధాలేవీ ఎవరికీ అక్కర్లేదు. ఆ హాల్లో ఉత్తరాలు మనసుపెట్టి విన్నది రెండో వరసలో మనిషొక్కడే.

బయట పక్కింటి పిల్ల నాన్న చెప్పులు వెతుక్కుంటున్నాడు. "బాబాయ్, అది నేనే రాశాను" అన్నాను.

"తెలుసు. దానికి తెలుగు అచ్చరాలు ఎక్కడొచ్చు?" నా మొహం చూడలేదు. "ముందే సెప్పుంటే ఓ పావు సీసా తాగొచ్చి కూకుందును గదమ్మా. సభకి ఇంకా అందంగా ఉండును."

"ఊరుకో, పిల్ల సదువుకే గదా" అంది భార్య.

"ఊరుకున్నాను గదే. అందరూ నన్నే సూత్తంటే ఊరుకునే ఉన్నాను."

ఆ కవరుతోనే నేను విశాఖ ఓడెక్కాను. అక్కడ ఏడాదంతా ఎవరైనా నా రాత బాగుందంటే చిరాకేసేది.

రెండో ఏటికి ఉత్తరం రాయనని మేనేజరుతో చెప్పేశాను. సెలవుల్లో మాయాబందర్ వచ్చి, ఆదాయం సర్టిఫికెట్ కోసం ఆఫీసు వరండాలో మూడు రోజులు నిలబడి, ప్రభుత్వ స్కాలర్‌షిప్ ఫారం తెచ్చుకున్నాను. తండ్రి వృత్తి అన్నచోట 'చేపల వేట' అని రాశాను. అంతకుమించి అది మా నాన్న గురించి ఏమీ అడగలేదు.

పక్కింటి పిల్ల ఫారం కూడా నేనే నింపాను. వాళ్ల నాన్న నా పక్కనే నిలబడ్డాడు. రాసిన ప్రతి గడీ నేను పైకి చదివి వినిపించాకే, ఫారం కింద వేలిముద్ర వేశాడు.