తప్పు పట్టే మనిషి

మా అత్తయ్య పోయిన నెల రోజులకి నేను స్పోకెన్ ఇంగ్లీషు క్లాసులో చేరాను. యాభై దాటాక ఇదేం సరదా అని తిరువూరులో తెలిసినవాళ్ళంతా నవ్వారు. నవ్వనీ, నాకేం! మా ఆయన ఎప్పుడో పోయారు, పిల్లల్లేరు. ఇన్నేళ్ళూ ఇంట్లో అత్తయ్యా నేనూ ఇద్దరమే. పొద్దున లేచింది మొదలు ఆవిడ నాకు వంకలు పెట్టేది. "ఏమే, పప్పులో ఉప్పెయ్యడానికి చెయ్యి రాలేదా?" అనేది. నేనూ ఊరుకునేదాన్ని కాదు. ఇప్పుడు ఇంట్లో ఫ్యాను చప్పుడు తప్ప ఇంకేం లేదు.

బస్టాండు దగ్గర ఒక మేడమీద సాయంత్రం క్లాసు. మాస్టారు కుర్రవాడే, నాకు కొడుకుంటే ఆ వయసే ఉండేది. మొదట్లోనే 'ఎ', 'ద' దగ్గర నా ప్రాణం తీశాడు. "ఐ బాట్ శారీ" అంటే "ఎ ఏదండీ?" అనేవాడు. కొత్తగా చెప్పే వస్తువుకి 'ఎ', ఎదుటివాళ్ళకి తెలిసినదానికి 'ద', ఊరి పేరుకి ఏదీ వద్దు. నేను "ద పెనుగొలను" అంటే తల పట్టుకునేవాడు. నిజం చెప్పొద్దూ, నాకు ప్రాణం లేచొచ్చేది. నా మాట చివరిదాకా విని తప్పు పట్టే మనిషి మళ్ళీ దొరికాడు.

కొన్నాళ్ళకి అవన్నీ నాకు వచ్చేశాయి. ఒకరోజు "కరెక్టండీ" అని పక్కవాళ్ళ దగ్గరికి వెళ్ళిపోయాడు. అంతే, ఇంకో మాట లేదు. మర్నాటి నుంచి కావాలనే 'ద' మింగేయడం మొదలుపెట్టాను. అతను మళ్ళీ నా బల్ల దగ్గర నిలబడి ఓపిగ్గా చెప్పేవాడు.

చివరికి నా నోరే నా కొంప ముంచింది. గంపలగూడెం నుంచి వచ్చే ఒకమ్మాయి "ఐ హావ్ ఎ డాగ్. ఎ డాగ్ ఈజ్ బ్లాక్" అంది.

"మళ్ళీ 'ఎ' ఏంటే! ముందే చెప్పావుగా, ఇప్పుడు 'ద' అనాలి. ఎన్నిసార్లు చెప్పించుకుంటావ్?" అని విరుచుకుపడ్డాను. అచ్చం మా అత్తయ్య గొంతే. అందరూ పకపకా నవ్వారు. మాస్టారు మాత్రం నావైపే చూశాడు.

క్లాసయ్యాక, "మీకు అన్నీ వచ్చండీ. ఊరికే ఫీజు దండగ, రేపట్నుంచి రానక్కర్లేదు" అన్నాడు. నా మంచికే చెప్పాడు, పాపం. "అలాగే మాస్టారూ, థాంక్యూ" అన్నాను. నాకు రావాలనుందని చెప్పడానికి తెలుగులో కూడా మాట పెగల్లేదు.

ఇంటికొచ్చి వంట చేసుకున్నాను. మొదటి ముద్దకే తెలిసింది, పప్పులో ఉప్పెయ్యడం మర్చిపోయాను. ఆ చప్పటి పప్పన్నం అలాగే తినేశాను. ఎవరూ ఏమీ అనలేదు.