మా మేనత్త చూపించిన పది మాత్రలు

మా మేనత్త మిషను ఆసుపత్రిలో ముప్పై ఏళ్ళకు పైగా నర్సుగా పనిచేసింది. పెళ్ళి చేసుకోలేదు. రిటైరయ్యాక శ్రీకాకుళంలో, అరసవల్లి వెళ్ళే దారిలో రెండు గదుల ఇంట్లో ఒక్కతే ఉంటోంది. ఎప్పటికైనా బైబిల్లో చదివిన యొర్దాను నది చూడాలని ఆమె కోరిక. డెబ్బై దాటాక అది కుదిరింది. మా చర్చి సంఘం నుంచి ముప్పైమంది యాత్రకు బయలుదేరుతుంటే ఆమె కూడా పేరిచ్చింది. మోకాళ్ళ నొప్పులున్న మనిషిని ఒంటరిగా ఎలా పంపుతామని నన్ను తోడు వెళ్ళమన్నారు. గరివిడిలో నా టీచరు ఉద్యోగానికి సెలవు పెట్టి వెళ్ళాను.

నది చూశాం. ఆమె మోకాలి లోతు నీళ్ళలో చాలాసేపు నిలబడింది. ఆ తర్వాత రెండు రోజులు అమ్మాన్ పట్నంలో ఉండి తిరిగి రావాలి. అక్కడి హోటల్లో ఉదయం టిఫిను దగ్గర గిన్నె నిండా ఆలివ్ కాయలు పెట్టారు. ఒకటి నోట్లో వేసుకుని గట్టిగా కొరికాను. లోపల రాయిలాంటి గింజ ఉంటుందని నాకు తెలియదు. టక్‌మని చప్పుడైంది. కుడి దవడలో, ఎప్పుడో సిమెంటు పెట్టించుకున్న పన్ను అది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"ఏటే అలగ కొరికీసావు? రేగుపండు అనుకున్నావేటి?" అంటూనే అత్త నా గడ్డం పట్టుకుని పైకెత్తింది. ఫోను లైటు వేసి లోపలికి చూసింది. "నిలువునా సీలిపోయిందే. పీకించడమే" అంది.

ఆ రోజు అందరూ నెబో కొండకు వెళ్ళాలి. దాని మీద నుంచి బైబిల్లోని వాగ్దాన దేశమంతా కనపడుతుందని వారం రోజులుగా చెప్పుకుంటున్నారు. బస్సు వాకిట్లో సిద్ధంగా ఉంది.

"నువ్వెళ్ళత్తా. హోటలోళ్ళెవరైనా నన్ను డాక్టరు దగ్గిరికి తీస్కెళ్తారు" అన్నాను.

"కొండలు మనకి లేవేటి? పద" అని చేతిసంచీ భుజానికి తగిలించుకుంది.

డాక్టరు చిన్న వయసు అమ్మాయి. తలకు గుడ్డ కట్టుకుంది. చేతులు చాలా మెత్తగా ఉన్నాయి. పన్ను ఒక్క ముక్కగా రాలేదు. మూడు ముక్కలుగా తీసి, కుట్లు వేసి, పన్నెండు మాత్రల డబ్బా చేతికిచ్చింది. బలమైన మందు, కాస్త మత్తుగా ఉంటుంది, మరీ ఓర్చుకోలేకపోతేనే వేసుకోమని ఇంగ్లీషులో చెప్పి, అరబ్బీలో చీటీ రాసింది.

అత్త ఆ చీటీని అటూ ఇటూ తిప్పి చూసింది. తన ఆసుపత్రి ఇంగ్లీషులో, ఇది మా దేశంలో ఎవరికీ అర్థం కాదు, ఇంగ్లీషులో ఉత్తరంలాగా రాసివ్వమంది. పాస్‌పోర్టులో ఉన్నట్టు నా పేరు, మందు పేరు, ఎన్ని మాత్రలో, ఎందుకిచ్చారో, అన్నీ దగ్గరుండి రాయించింది. సంతకం కింద ముద్ర కూడా వేయించింది. బయట ఇంకో నలుగురు కూర్చుని ఉన్నారు. డాక్టరు నవ్వుతూనే రాసింది కానీ నాకు మొహమాటంతో చెమటలు పట్టాయి. హోటలు గదికి వచ్చాక, మాత్రల అట్ట పర్సులో పెట్టుకుని ఖాళీ డబ్బా పడేయబోతే అత్త కేకేసింది.

"డబ్బా పారీకే! మందు దాని డబ్బాలోనే ఉండాల."

మర్నాడు విమానంలో మా వెనక సీట్లో ఒక రిటైరైన హెడ్మాస్టరు గారు కూర్చున్నారు. మా యాత్రలోని వారే. నా వాచిన బుగ్గ చూసి జాలిపడి, ఏం మందులిచ్చారని అడిగారు. అత్త డబ్బా చూపించింది. ఆయన కళ్ళజోడు సర్దుకుని చదివి, గొంతు తగ్గించారు.

"జాగర్త తల్లీ. ఇలాంటివి మత్తుమందుల కింద లెక్కేస్తారు. ఎయిర్‌పోర్టులో ఎవర్నో పట్టుకున్నారని విన్నాను."

అంతే. రేపు బడికెలా వెళ్తాను, పిల్లలకు మొహమెలా చూపిస్తాను అని లేనిపోనివన్నీ ఊహించుకున్నాను. నోరు సరిగా తెరుచుకోక ముద్దముద్దగా అత్త చెవిలో అన్నాను: "బాత్రూములో పడీద్దామత్తా."

"పడీసి? సాయింత్రం నొప్పొస్తే పాటలు పాడతావేటి?"

"మరి పట్టుకుంటే?"

"మనం ఎవులికి తెలీకుండా తెచ్చేమా? సూపించీసి ఎల్దాం."

విమానం హైదరాబాదులో దిగింది. సామాన్లు తీసుకుని బయటికి వచ్చే చోట రెండు దారులున్నాయి. చూపించాల్సినవి ఏమీ లేనివాళ్ళకు పచ్చ బోర్డు, ఉన్నవాళ్ళకు ఎర్ర బోర్డు. మావాళ్ళందరూ యొర్దాను నీళ్ళ సీసాలున్న బండ్లు తోసుకుంటూ పచ్చ బోర్డు వైపు వెళ్తున్నారు. పాస్టరు గారు వెనక్కి తిరిగి, "రండి సిస్టర్, డాక్టరు చీటీ ఉంది కదా, ఏటీ అవదు. రైలుకి టైమైపోతాది" అని పిలిచారు. అత్త చేయి ఊపి, "మీరు పదండి, వచ్చేస్తన్నాం" అంటూ మా బండిని ఎర్ర బోర్డు వైపు తిప్పింది. ఆ వైపు మేమిద్దరమే.

బల్ల వెనక కస్టమ్స్ కుర్రాఫీసరు ఆమె తెల్లచీర వైపు, నా బుగ్గ వైపు చూశాడు. "ఏం తెచ్చిన్రమ్మా? బంగారమా?"

"మాత్రలు బాబూ. పన్నెండిచ్చారు. ఇది రెండు మింగింది. పదున్నాయి."

అతనికి ఏం చేయాలో తోచలేదు. డబ్బా, ఉత్తరం తీసుకుని లోపలికెళ్ళి, తన పైఆఫీసరు ఒకావిడను వెంటబెట్టుకొచ్చాడు. ఆవిడ ఉత్తరం మొత్తం చదివింది. పాస్‌పోర్టులో పేరు, ఉత్తరంలో పేరు పక్కపక్కన పెట్టి చూసింది. అట్ట బయటికి తీసి మాత్రలు లెక్కపెట్టింది. ఎవరికో ఫోను చేసి మందు పేరు అక్షరం అక్షరం చదివింది. తర్వాత నా వైపు తిరిగి, "ఇవి మీకేనా?" అని అడిగింది.

అవునండీ అనబోయాను. వాచిన బుగ్గ, పైగా భయం. "ఊఁ... ఊఁ" అని మాత్రం వచ్చింది. ఆవిడ కనుబొమలు ముడిపడ్డాయి.

"మాటాడలేదండి. నిన్ననే పన్ను పీకారు. కావాలంటే సూడండి" అంటూ అత్త నా వైపు తిరిగింది. "నోరు తెరువే."

నలభై ఏళ్ళు దాటిన టీచర్ని. గాజు తలుపు అవతల నుంచి మా సంఘమంతా చూస్తోంది. తెరిచాను. అత్త ఫోను లైటు వేసి, చిటికెన వేలితో పెదవి పక్కకు లాగి, "కుట్లు కనపడతన్నాయా? మూడేసారు. సీము లేదు, బాగానే మానతాది" అని చెప్పుకుపోతోంది.

ఆవిడ నవ్వు ఆపుకోలేక చేయి అడ్డం పెట్టింది. "చాలమ్మా, చాలు. డాక్టరు ఉత్తరముంది, డబ్బా ఉంది, కొద్దిగానే ఉన్నాయి. తీసుకెళ్ళండి."

అత్త కదల్లేదు. "సూసినట్టు దీని మీద ఒక ముద్రెయ్యండి."

"దీనికి ముద్రలుండవమ్మా."

అత్త పెన్ను తీసి, ఉత్తరం వెనక టైము వేసి, 'చూపించాం, పంపించారు' అని తనే రాసుకుంది. ఆవిడ అదంతా చూస్తూ నిలబడి, వెళ్ళేటప్పుడు నాతో, "అదృష్టవంతులండీ మీరు" అంది. ఆ మాట అప్పుడు నాకు రుచించలేదు.

మా కోసం అందరూ అరగంటకు పైగా నిలబడ్డారు. అందరి మొహాలూ బిగుసుకున్నాయి. పరుగుపరుగున సికింద్రాబాదు చేరి రైలెక్కాం. కూర్చున్నాక నాకు కోపం ఆగలేదు.

"అందరి ముందూ నోరు తెరిపించావు. పచ్చ బోర్డు దగ్గర్నుంచి వచ్చీసుంటే ఎవరడిగేవోరు?"

ఆమె మందుల డబ్బా సంచీలో సర్దుకుంది. ఖమ్మం దాటాక, నేనడగకుండానే మొదలుపెట్టింది.

"నాకప్పుడు ఇరవయ్యారేళ్ళు. మందుల బీరువా తాళం నా సేతిలో ఉండేది. ఓరోజు నొప్పికిచ్చే ఇంజక్షన్లు లెక్కెడితే ఒకటి తగ్గింది. ఎవులూ నన్ను ఏటీ అన్లేదు. నానొస్తే మాటలాపీసేవోరు, అంతే. పదిహేను రోజులు. అన్నం సయించేది కాదు. సెలవు మీదెళ్ళిన డాక్టరు గారు తిరిగొచ్చి, 'అరె, అది ఆపరేషను పేషెంటుకి నేనే ఇచ్చాను సిస్టర్, రాయడం మర్చిపోయాను' అన్నారు."

"మరి నువ్వేటన్నావు?"

"ఏటంటాను? డ్యూటీకెళ్ళాను." కొంగుతో కళ్ళజోడు తుడుచుకుంది. "అప్పట్నుంచీ అంతే. సేతిలో ఉన్నది ఎవులో అడిగేదాకా ఆగను. ముందే సెప్పీసి కూకుంటాను."

మా ఇంట్లో ఈ సంగతి ఎవరికీ తెలియదు. నాన్నకు కూడా చెప్పలేదట. అత్తది మొదటి నుంచీ గట్టి స్వభావం అనుకునేవాళ్ళం. గుమ్మంలో చెప్పులు వంకరగా విడిచినా ఊరుకోదు కదా అని నవ్వుకునేవాళ్ళం. ఆమె చేతి మీద చేయి వేశాను. కాసేపటికి, "నొప్పెడతన్నాదా?" అని అడిగింది. నిజంగానే పెడుతోంది. మాత్ర విప్పి, టైము చూసుకుని ఇచ్చింది. ఆమె భుజం మీద తల వాల్చి పడుకున్నాను. రాజమండ్రి వంతెన ఎప్పుడు దాటామో తెలియదు.

ఆమె శ్రీకాకుళం వెళ్ళిపోవాలి. కానీ నాతోపాటు విజయనగరంలో దిగిపోయి గరివిడి వచ్చేసింది. నాలుగు రోజులు మా వంటిల్లు ఆమెదే. మా ఆయన కాఫీ కావాలన్నా గుమ్మం దగ్గర నిలబడి అడిగేవాడు. పూటపూటకీ చోడి అంబలి, అదే రాగి జావ, చల్లార్చి గ్లాసులో పోసిచ్చేది. గోరువెచ్చని ఉప్పునీళ్ళతో పుక్కిలించేదాకా ఎదురుగా నిలబడేది. ఆ నాలుగు రోజుల్లో ఇంకో రెండు మాత్రలే ఇచ్చింది. తర్వాత మామూలు మాత్రలే చాలన్నది.

"మిగిలినవి ఉంచుకుంటానత్తా. ఎప్పుడైనా తలనొప్పికి పనికొస్తాయి" అన్నాను.

"తలనొప్పికి ఇయ్యా? నీకేటైనా పిచ్చా?" మిగిలిన ఏడింటినీ రోట్లో నూరి, వాడేసిన టీపొడిలో కలిపి, కవర్లో ముడేసి, చెత్తలో వేయించింది. అది జరుగుతున్నంతసేపూ మా ఆయన్ని పక్కన నిలబెట్టింది. ఆయన బుద్ధిగా నిలబడ్డాడు.

అయిదో రోజు పొద్దున్న శ్రీకాకుళం బస్సెక్కించాను. డ్రైవరు వెనక సీట్లో కూర్చుని సంచీ ఒళ్ళో పెట్టుకుంది. వెళ్ళొద్దు, ఇంకో వారం ఉండమని నేను అప్పటికే మూడుసార్లు అడిగాను. ఒప్పుకోలేదు, మొక్కలెండిపోతాయంది. బస్సు కదిలాక కిటికీలోంచి తల బయటికి పెట్టింది.

"ఒసే, కుడి పక్క నమలకే!"

"నమల్ను!" అని గట్టిగా అరిచాను. వినపడిందో లేదో అనుమానమొచ్చి, బస్సు వెంట నాలుగడుగులు నడిచి మళ్ళీ అరిచాను.